కవల తమ్ముడున్నాడా?

జూన్ 3

అత్తా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "నాకేం రోగం, దుక్కలా ఉన్నాను" అంటావు. నేను బాగున్నాను, నా ఎలుకలు బాగున్నాయి, గదిలో కుళాయి మాత్రం రాత్రీ పగలూ కారుతూనే ఉంది. మోటార్లు బాగుచేసే అత్తకి వాషరు మార్చడం రాని మేనకోడలు ఉందని షాపులో ఎవరికీ చెప్పకు.

ఫోన్ చేద్దామనుకున్నాను. షాపు రొదలో నీకు సగం వినపడదు, మిగతా సగం నీకు నచ్చినట్టు వింటావు. చెప్పాల్సింది పెద్ద సంగతి. అందుకే కాగితం తీశాను.

నా పని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలతో అని తెలుసుగా. వేలి చివరంత ఉంటాయి, కళ్ళు కూడా తెరవవు. వాటి మెదడు అడుగున ఒక చిన్న చోటుంది, ఆవగింజ కంటే చిన్నది. ఆడపిల్లలోనూ మగపిల్లలోనూ మొదట అది ఒకేలా ఉంటుంది. మగపిల్ల పుట్టే వేళకి దాని ఒంట్లో మగ హార్మోను ఒక్కసారి పొంగి, కొద్దిసేపటికే తగ్గిపోతుంది. ఆ పొంగు తగిలినందుకే మగపిల్లలో ఆ చోట కణాలు బతికి నిలుస్తాయి. ఆడపిల్లలో చాలావరకు రాలిపోతాయి. పొంగు పోయినా దాని పని మాత్రం జన్మంతా ఉండిపోతుంది.

ఇంకా విచిత్రం విను. ఆ మగ హార్మోను మెదడులోకి వెళ్ళాక ఆడ హార్మోనుగా మారిపోతుంది. అలా మారాకే ఎలుక మెదడును మగ మెదడు చేస్తుంది! మరి అమ్మ ఒంట్లోంచి వచ్చే ఆడ హార్మోను అందరినీ మగవాళ్ళని చేసెయ్యదా అంటావా? పిల్లల రక్తంలో దానికో కాపలా పదార్థం ఉంది. అమ్మ హార్మోనును పట్టుకుని మెదడు గడప తొక్కనివ్వదు. మగ హార్మోనును మాత్రం పోనిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇక నీ సంగతి. చుంచెలుకల కడుపులో పిల్లలు వరసగా ఉంటాయి. ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఇరుక్కున్న ఆడపిల్లకి వాళ్ళ హార్మోను కాస్త అందుతుంది. అది పెద్దయ్యాక మిగతా ఆడవాటికంటే కొంచెం దుడుకుగా ఉంటుంది. చదవగానే నువ్వే కళ్ళ ముందుకొచ్చావు. నువ్వూ నాన్నా కవలలు! అందరూ నిన్ను మగరాయుడనీ, నాన్నని ఆడపిల్ల కావలసినవాడనీ, కడుపులో తారుమారయ్యారనీ అనేవాళ్ళట కదా. మొన్న మా ల్యాబు సభలో మాట్లాడమంటే నీ గురించే చెప్పాను. "మోటారు వైండింగు చేసే మా అత్త మగరాయుడేం కాదు, మా నాన్న పక్కన పడుకుని పెరిగింది, అంతే" అన్నాను. చప్పట్లే చప్పట్లు. మా పెద్ద మేడం ఒక్కతే కొట్టలేదు. ఆవిడ ఎవరికీ కొట్టదులే.

శిక్షణ కేంద్రంలో ఆడపిల్లల వైండింగు తరగతి నీకు అప్పగించారని నాన్న చెప్పాడు. ఎంత గర్వంగా ఉందో! ఎవర్ని తీసుకోవాలో తెలియడం లేదన్నావట. నా మాట వింటే తలా ఒక పాత మోటారు ఇచ్చి విప్పమను. చెయ్యి చూస్తే తెలిసిపోతుంది.

నీ కోడలు పిల్ల


జూన్ 12

కోడలు పిల్లా,

నీ ఉత్తరం నూనె చేతులతోనే చదివాను. కడుక్కుని వచ్చేదాకా ఆగలేకపోయాను. వేలిముద్రలు పడ్డాయి, పడనీ.

ఎంత చదువు చదివావే తల్లీ! ఆవగింజ కంటే చిన్న చోట అంత నాటకమా! మగది లోపలికెళ్ళి ఆడదై మగవాణ్ణి చెయ్యడమా! షాపులో అందరినీ కూర్చోబెట్టి చదివాను. బేరింగులు తెచ్చే ముసలాయన నోరు తెరుచుకుని విన్నాడు. "ఇంకోసారి చదువమ్మా, ఎవడు ఎవడయ్యాడో తికమకగా ఉంది" అన్నాడు. నాకూ తికమకగానే ఉంది కానీ బయటపడలేదు.

నా సంగతి చదివినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. "ఆడదానివి, నీకెందుకే ఈ పని" అని అడిగినవాళ్ళకి ఇన్నేళ్ళూ ఏం చెప్పాలో తెలియక కసిరేదాన్ని. ముక్కు మీద కోపం అన్నారు. ఇప్పుడు ఎవరైనా అడగనీ, కాగితం తీసి చూపిస్తాను.

మీ నాన్నకీ చదివి వినిపించాను. పసిపిల్లల వార్డులో నర్సు డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చాడు, ఎవరి పాపో భుజం మీద పాలు కక్కిన మచ్చతో. టీ తాగుతూ బుద్ధిగా వింటున్నవాడు "వాళ్ళ హార్మోను కాస్త అందుతుంది" అన్న దగ్గర గ్లాసు కింద పెట్టేశాడు. "అంటే అక్కా, నాది నీ వైపు కారిపోయిందా?" అన్నాడు. నేను కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. వాడు నవ్వలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రెండ్రోజుల్లో సర్దుకుంటాడులే.

పిల్లల ఎంపిక అయిపోయింది. నువ్వు రాసినట్టే చేశాను. నీ పుణ్యమా అని ఒక్కొక్కరి సంగతీ క్షణంలో తేలిపోయింది. లేకపోతే రోజంతా పట్టేది.

కుళాయికి వాషరు కాదు, లోపల వాషరు ఆనే చోటు అరిగిపోయి ఉంటుంది. విప్పి చూడు.

నీ మేనత్త


జూన్ 19

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్కొక్కరి సంగతీ క్షణంలో తేల్చేశావా! నేను ఎలుక పిల్లని తూకం వెయ్యడానికే అరగంట తంటాలు పడతాను. మోటారు విప్పే తీరు చూసి మనిషిని చెప్పెయ్యడం నీకే చెల్లింది. మా పెద్ద మేడంకి చెప్పాను. "ఆ చూపు నేర్పగలిగితే ఆవిణ్ణి ఇక్కడికి రమ్మను" అంది. ఆవిడ నోటి నుంచి అంత మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

తరగతి ఎలా నడుస్తోందో రాయి. పిల్లలు ఎంతమంది? గొడవ చేస్తున్నారా?

నాన్న ఫోన్ తియ్యడం లేదు. తీసినా "డ్యూటీలో ఉన్నాను" అని పెట్టేస్తున్నాడు. నిజంగా అలిగాడా ఏంటి? నేను నవ్వించడానికి రాశాను.

నీ కోడలు పిల్ల


జూన్ 29

కోడలు పిల్లా,

ఎంతమంది అని అడిగావు. ఒక్కతి.

మోటారు విప్పమనడం దేనికి, అసలు కారణం నువ్వే రాశాక? వరండాలో పొడుగాటి వరస కట్టారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, "కవల తమ్ముడున్నాడా?" అని అడిగాను. లేడంటే "వెళ్ళిరా అమ్మా" అన్నాను. కళ్ళజోడు పిల్ల ఒకతి "అన్నయ్య ఉన్నాడండీ, సరిపోతాడా?" అంది. "ఒకే కాన్పా?" అన్నాను. "కాదండీ, బాగా పెద్దవాడు." "అయితే లాభం లేదు." ఇంకో పిల్ల కవల చెల్లెల్ని చేయి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరినీ ఒకేసారి పంపించేశాను. చివరికి ఒక పిల్ల "ఉన్నాడండీ, నాకంటే ఐదు నిమిషాలు చిన్న" అంది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ పిల్ల నా ప్రాణం తోడేస్తోంది. రాగి తీగ అందిస్తే పామును పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. గాడుల్లో కాగితం పెట్టి కదా తీగ చుట్టాలి? కాగితం పెట్టకుండా చుట్టేసి, నేను అటు తిరిగేలోపు కరెంటు ఇచ్చింది. గదంతా పొగ. మొహం వాచేలా తిట్టాను. "నాకు కుట్టుపని తరగతిలో చోటు దొరక్క ఇటు వచ్చాను మేడమ్" అని భోరుమంది. నీ ఎలుకల్లోనూ ఇలా జరుగుతుందా? ఈ పిల్ల కడుపులో తమ్ముడికి ఎడంగా పడుకుందంటావా?

ప్రిన్సిపాల్ రోజూ వచ్చి ఖాళీ బెంచీలు చూసి పోతున్నాడు. వచ్చే నెలాఖరుకి నిండకపోతే తరగతి ఎత్తేసి, గది లేతు పని కుర్రాళ్ళకి ఇచ్చేస్తాడట. మళ్ళీ ఆడపిల్లల కోసం తరగతి పెట్టమని ఎవరూ అడగరని కూడా అన్నాడు. ఇచ్చుకోనీ. నాలాంటివి ఎక్కడో ఒకటి పుడతాయి, మిగతా ఆడపిల్లలకి ఇది వచ్చే పని కాదు. నువ్వే రుజువు చేశావుగా.

నీ మేనత్త


జూలై 5

అత్తా, ఆగు!

గదిని ఎవరికీ ఇవ్వనివ్వకు. నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. కవల తమ్ముణ్ణి అడిగావా! ఆ పిల్లలు ఇళ్ళకెళ్ళి ఏమని చెప్పుకుని ఉంటారు!

నేను రుజువు చెయ్యలేదు అత్తా. సభలో చప్పట్ల కోసం పేలాను. సభ అయ్యాక పెద్ద మేడం గదికి పిలిచింది. "మీ నాన్న పక్కన లేకుండా పుట్టిన ఇంకో అత్త ఉందా, పోల్చి చూడ్డానికి?" అంది. లేదన్నాను. "మరెలా చెప్పావ్?" అంది. నా మొహం మాడిపోయింది. ఆ ముక్క నీకు రాస్తే నీ దగ్గర చులకనైపోతానని రాయలేదు.

ఇప్పుడు సరిగ్గా రాస్తాను. చుంచుల్లో ఆ తేడా ఉంది, నిజమే. కానీ అది చాలా చుంచుల్ని కలిపి చూస్తే సగటున కనపడే తేడా. ఒక్కదాన్ని పట్టుకుని ఇది ఇలాగే అవుతుందని ఎవరూ చెప్పలేరు. అన్నదమ్ముల మధ్య పెరిగినా మెత్తగా ఉండేవి ఉంటాయి, అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగి కరిచేవీ ఉంటాయి, నా వేలే సాక్ష్యం. మనుషుల కవలల్లో చాలామంది వెతికారు. కొందరికి కొంచెం ఏదో కనపడింది, కొందరికి ఏమీ కనపడలేదు. ఇక రాగి తీగ చుట్టే హార్మోను అంటూ ఏదీ లేదు అత్తా. మగాళ్ళకీ లేదు. ఆడపిల్లలకి ఈ పని రాదని ఏ ఎలుకా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నాన్నకి కూడా చెప్పు. ఆయనది ఏదీ కారిపోలేదు. మన దీపం వెలుగు పక్కింటి గోడ మీద పడితే మనింట్లో చీకటైపోదు.

దయచేసి ఆ పిల్లల్ని వెనక్కి పిలు.

నీ కోడలు


జూలై 10

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఇచ్చిన చేత్తోనే లాక్కున్నావు.

నీకు అది ఒక సభ. నాకు ఏమిటో తెలుసా? మా అమ్మ, అంటే మీ నానమ్మ, నేను స్క్రూడ్రైవరు పట్టిన రోజు నుంచీ తన కడుపులోనే ఏదో తప్పు జరిగిందని కుమిలిపోయింది. కవలల్ని మోసేటప్పుడు బరువులెత్తాను, మందు మింగాను, అందుకే పిల్ల ఇలా అయింది, పిల్లాడు అలా అయ్యాడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. నేను వింటూ ఉండగానే చెప్పేది. పోయేదాకా ఆ దిగులు తీరలేదు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజు, అమ్మ ఉంటే బాగుండును, చూపించేదాన్ని అనుకున్నాను. తప్పు కాదమ్మా, ఒకడి పక్కన ఒకతి పడుకున్నాం, అంతే అని చెప్పేదాన్ని.

ఇప్పుడు అదీ కాదంటున్నావు. సరే. మరి నేనెందుకిలా?

ఆ పిల్లల్ని ఏ మొహం పెట్టుకుని పిలవను?

మీ అత్త


జూలై 16

అత్తా,

"మీ అత్త" అని రాశావు. ఎప్పుడూ "నీ మేనత్త" అని రాసేదానివి. ఆ అక్షరం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

నువ్వెందుకిలా అని అడిగావు. నాకు తెలీదు. మా పెద్ద మేడంకీ తెలీదు. ఎవరైనా తెలుసంటే నమ్మకు, నన్నైనా సరే. కానీ నానమ్మ కడుపులో ఏ తప్పూ జరగలేదు. ఇది మాత్రం నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను. తేడా వేరు, తప్పు వేరు. మేము ల్యాబులో తేడాలే చూస్తాం అత్తా. తప్పు అనే మాట నేనింతవరకు ఏ ఎలుక గురించీ రాయలేదు.

నేను ఈ వారం చేసిన పని చెప్పనా? తల్లి ఎలుక తన మగపిల్లల్ని ఆడపిల్లలకంటే ఎక్కువసేపు నాకుతుంది. ఎందుకంటే వాటి వాసన వేరు. ఆ వాసన హార్మోను వల్లే. ఇంతవరకు హార్మోను గొప్పే. కానీ మేము ఏం చేస్తామంటే, బొమ్మలేసే సన్నటి కుంచె తీసుకుని, ఆడపిల్లల్ని కూడా తల్లి నాలుకలా అంతసేపూ నిమురుతాం. రోజూ నిమిరితే వాటి మెదడు కొన్ని చోట్ల మగపిల్లల తీరుకి దగ్గరవుతుంది. వాటికి మేము హార్మోను చుక్క కూడా ఇవ్వలేదు. ఇచ్చిందల్లా ఆ కుంచె నిమురుడే.

అరచేతిలో పిల్ల వెచ్చగా ముడుచుకుని పడుకుంటే, కుంచె కదుపుతూ, నా చెయ్యి దాని మెదడుదాకా వెళుతోంది కదా అని భయమేస్తుంది. ముచ్చటగానూ ఉంటుంది. ఒక చోట మొదలైంది ఎన్ని చేతులు మారి పూర్తవుతుందో ఎవరు చెప్పగలరు?

నీకు మొదటి తీగ ముక్క ఎవరిచ్చారో, ఏ మోటారు చప్పుడు నీ చెవికి ఇంపుగా వినపడిందో నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. నిన్ను చూస్తే నాకు గొప్పగా ఉంటుంది. కారణం తెలుసనుకున్నప్పుడూ అంతే ఉండేది, తెలియనప్పుడూ అంతే ఉంది.

నెలాఖరు దగ్గరకొచ్చేసింది. కోపం నా మీద ఉంచుకో, పిల్లల్ని మాత్రం పిలు.

నీ కోడలు పిల్ల

తా.క. కుళాయి విప్పాను. అరిగిపోయింది వాషరు కాదు, నువ్వన్నదే.


జూలై 31

కోడలు పిల్లా,

బెంచీలు నిండాయి. ఒకరికి చోటు చాలక మీ నాన్న ఆస్పత్రి నుంచి పాత స్టూలు ఒకటి అడిగి తెచ్చాడు. నీ దీపం ముక్క నా చేత రెండుసార్లు చదివించుకుని, "అదీ నా కూతురంటే" అని తలెగరేసి పోయాడు. ఇక నీ ఫోన్ తీస్తాడు.

కోపం తగ్గిందా అంటే, చాలావరకు తగ్గింది. నీ కుంచె సంగతి చదివి రెండు రోజులు పని మీద మనసు పెట్టలేకపోయాను. మూడో రోజు సిగ్గు చంపుకుని ప్రిన్సిపాల్ దగ్గర అడ్రసులు తీసుకుని ఇంటింటికీ బయల్దేరాను. ఏం చెప్పమంటావ్ నా బాధ! ఒక ఇంట్లో తల్లి నన్ను చూడగానే వణికిపోయింది. "నిజంగా కవలలు లేరమ్మా, ఒట్టు" అంది. ఇంకో ఇంట్లో అయితే తండ్రి, ఎవరినైనా తమ్ముడిగా రాయిస్తే ఒప్పుకుంటారా అని అడిగాడు. "ఎవరూ అక్కర్లేదు, మీ పిల్ల వస్తే చాలు, తప్పు నాది" అని చెప్పుకుంటూ తిరిగాను. నా జన్మలో అన్నిసార్లు తప్పు నాది అని ఎప్పుడూ అనలేదు.

నీ కవల పిల్లకి కుట్టుపని టీచరుతో మాట్లాడి చోటు ఇప్పించాను. వెళ్ళేటప్పుడు నా కాళ్ళ మీద పడబోతే లేపి, మిషను మోటారు కాలితే ఇటు తీసుకురావే అన్నాను.

మొదటిరోజు నువ్వు చెప్పినట్టే తలా ఒక మోటారు ఇచ్చాను. కొందరు మేకు పీకినట్టు పీకారు, ఒకతి వేలు నలగ్గొట్టుకుంది. నేర్చుకుంటారు. కళ్ళజోడు పిల్ల మాత్రం కింద పాత పేపరు పరిచింది. మూత తీసి ఒక పక్క పెట్టింది. బోల్టులు ఏ రంధ్రంలోవి ఆ వరసలోనే పేర్చింది. కాలిన తీగ లాగబోయే ముందు ఆగి, ఏ కొస ఏ కొసకి కలిసుందో వేలితో తడిమి తడిమి చూసుకుంది. అచ్చం నేను చూసుకున్నట్టు. నాకు మతిపోయింది.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నాను.

"మీరేనండీ" అంది.

"నేనా? నువ్వెవరో మొన్నటిదాకా నాకు తెలీనే తెలీదు."

"మీ షాపు ఎదురుగా బస్టాపండీ. చిన్నప్పటి నుంచీ బడికి వెళ్ళే బస్సు అక్కడే ఎక్కేదాన్ని. అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి, మీ భుజం పక్కనుంచి కనపడే మీ చేతులే చూసేదాన్ని. తర్వాత ఒక్కదాన్నే వచ్చాక ఒక్కోసారి బస్సు వదిలేసి ఇంకో బస్సుకి వెళ్ళేదాన్ని."

"మరి లోపలికి ఎందుకు రాలేదే పిచ్చిపిల్లా!"

"మీరు ఎప్పుడూ తలెత్తలేదండీ. వీధి వైపు వీపు పెట్టి కూర్చుంటారుగా."

అక్కడే, పిల్లలందరి ముందూ, ఏడ్చేశాను కోడలా. మగరాయుడు ఏడవడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఒకతి నీళ్ళు తెచ్చింది. ఈ పిచ్చి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇన్నేళ్ళూ వెనక్కే వెతుక్కున్నాను. నా దగ్గర్నుంచి ఎటు పోతోందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. అంతసేపు నిలబడి చూసిన పిల్లని, కవల తమ్ముడున్నాడా అని అడిగి ఇంటికి పంపించాను!

ఇవాళ పొద్దున షాపు తియ్యగానే నేనూ బేరింగుల ముసలాయనా కలిసి పని బల్ల తిప్పేశాం. అబ్బ, నడుము పట్టేసింది. ఇప్పుడు వీధి వైపు మొహం పెట్టి కూర్చుని నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. బస్టాపులో బడి పిల్లలు నిలబడ్డారు.

నీ మేనత్త